నామవాచకాలు ఎన్ని, క్రియలు ఎన్ని: ఇంగ్లీషు వ్యాకరణంలో తేలని లెక్క

నామవాచకాలు ఎన్ని రకాలు అని అడిగితే విజయవాడలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. పాత పద్ధతిలో చదివినవారు ఐదు అంటారు: ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం పట్టుకున్నవారు మెటీరియల్‌ని వదిలేసి నాలుగు చెప్పి, కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అని మరో రెండు చేరుస్తారు. బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవారికి ఆ చివరి రెండే కావాలి, తక్కినవాటితో పనిలేదు. పటమటలో ఒకే వీధిలో ఉంటూ ఒకరు రాష్ట్ర సిలబస్, ఒకరు సీబీఎస్‌ఈ, ఇంకొకరు పోటీ పరీక్షల మెటీరియల్ చదువుతుంటే ముగ్గురికీ మూడు లెక్కలు. ఎవరిదీ తప్పు కాదు.

క్రియ దగ్గర చిక్కు మరింత బిగుస్తుంది. ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్, మెయిన్, హెల్పింగ్, రెగ్యులర్, ఇర్రెగ్యులర్, ఫైనైట్, నాన్‌ఫైనైట్, లింకింగ్, స్టేటివ్ అంటూ అన్నిటినీ ‘క్రియల రకాలు’ అనే ఒకే శీర్షిక కింద పేరుస్తారు. ‘హ్యావ్’ అనే ఒక్క మాటనే చూడండి. అది ఒక వాక్యంలో మెయిన్, మరో వాక్యంలో హెల్పింగ్. కర్మ కోరుతుంది కనుక ట్రాన్సిటివ్, ‘హ్యాడ్’ అవుతుంది కనుక ఇర్రెగ్యులర్, ‘కలిగి ఉండటం’ అనే అర్థంలో స్టేటివ్. ఇది ఏ రకం క్రియ అని ఒక మార్కు ప్రశ్న వస్తే విద్యార్థి ఏమి రాయాలి?

ఈ గందరగోళమంతా ఒకే కారణం నుంచి వచ్చిందని ఈ వ్యాసం వాదిస్తుంది. మాట దేన్ని సూచిస్తుంది, వాక్యంలో ఎలా నడుస్తుంది, తెలుగు వాడికి ఎక్కడ అడ్డం పడుతుంది అనేవి మూడు వేరు వేరు ప్రశ్నలు. మన పుస్తకాలు వాటిని విడదీయకుండా ఒకే జాబితాలో కలిపేశాయి. మొదటి ప్రశ్నకే ఎక్కువ పేజీలు దక్కాయి. మూడోదానికి దాదాపు చోటే లేదు.

అర్థమా, నడవడా: పాత తగవు

మాటల్ని వర్గాలుగా విడదీసే పని గ్రీకుల్లోనూ మనలోనూ వేర్వేరుగా మొదలైంది. ప్లేటో నాటికే గ్రీకులో నామం, ఆఖ్యాతం అనే రెండు పాయలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు వాడైన డయొనీసియస్ థ్రాక్స్ పేర చలామణీ అయిన చిన్న వ్యాకరణం భాషాభాగాల్ని ఎనిమిది చేసింది. లాటిన్ ఆ చట్రాన్ని అందుకుంది. 1586లో విలియం బుల్లోకర్ రాసిన మొదటి ఇంగ్లీషు వ్యాకరణం లాటిన్ కొలతలతోనే ఇంగ్లీషును కొలిచింది. 1795లో వచ్చిన లిండ్లీ మర్రే పుస్తకం ఆ పద్ధతిని బడిలో స్థిరపరిచింది. మనం ఈనాటికీ అప్పజెప్పే నిర్వచనాల వంశం ఇది.

మన వైపు యాస్కుడు నిరుక్తంలో పదాలను నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగుగా పంచాడు. జరిగే పని ప్రధానమైతే ఆఖ్యాతం, ఉన్న వస్తువు ప్రధానమైతే నామం అన్నాడు. ఇది అర్థాన్ని బట్టి చేసిన విభజన. నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడు, అన్నీ కావని గార్గ్యుడు వాదించుకున్న సంగతి కూడా అక్కడే నమోదైంది. పాణిని దారి వేరు. సుప్ ప్రత్యయాలు చేరితే ఒక వర్గం, తిఙ్ ప్రత్యయాలు చేరితే ఇంకో వర్గం, అంతే. మాటకు అర్థం ఏమిటని అడగలేదు, చివర ఏం చేరుతుందని అడిగాడు. పతంజలి మహాభాష్యంలో జాతి, గుణం, క్రియ, యదృచ్ఛ అని పదాలకు నాలుగు ప్రవృత్తులు చెప్పాడు. యదృచ్ఛా శబ్దమంటే వ్యక్తికి పెట్టుకున్న పేరు. ఇంగ్లీషు పుస్తకంలోని కామన్, ప్రాపర్ భేదానికి చాలా దగ్గరి ఆలోచన ఇది.

చిన్నయసూరి బాలవ్యాకరణం పాణిని బాటనే పట్టింది. ఆచ్ఛిక పరిచ్ఛేదంలో, క్రియా పరిచ్ఛేదంలో ఆయన పట్టించుకున్నది ప్రత్యయాలూ రూపాలూ. ‘పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ’ అనే వాక్యం మన బడిలో ఎంత పాతుకుపోయినా, అది శాస్త్ర సంప్రదాయంలో ఒక పాయ మాత్రమే.

పాశ్చాత్యులలో ఈ నిర్వచనాలను గట్టిగా ప్రశ్నించినవారిలో అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రైస్ ఒకరు. నామవాచకాన్ని అర్థంతోనూ, విశేషణాన్ని వాక్యంలో చేసే పనితోనూ నిర్వచించి రెంటినీ ఒకే పట్టికలో పెట్టడం కుదరదని 1952 నాటి పుస్తకంలో చూపించాడు. ఒక ఉదాహరణ చాలు. ‘అరైవల్’ అంటే రావడం, అది పనే. అయినా ఇంగ్లీషులో అది నామవాచకం. ముందు ‘ది’ వస్తుంది, చివర బహువచనపు ‘ఎస్’ చేరుతుంది. పనిని తెలిపేది క్రియ అని బట్టీపట్టిన పిల్లవాడు దీన్ని క్రియ అని గుర్తిస్తే తప్పు నిర్వచనానిదే.

బందరు నుంచి విజయవాడ బెంజి సర్కిల్ దాకా

కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు చదువుకు బందరు పుట్టినిల్లు. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టాడు. నోబుల్ పనిచేసిన చర్చి మిషనరీ సొసైటీకే చెందిన ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో ఇంగ్లీషు వారి కోసం ‘ప్రోగ్రెసివ్ గ్రామర్ ఆఫ్ ది తెలుగు లాంగ్వేజ్’ తెచ్చాడు. ఒకే ఊళ్ళో ఒకే మిషను నీడన తెలుగు పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకున్నారు, దొరలు తెలుగు వ్యాకరణం నేర్చుకున్నారు. అంతకు ముందే కేరీ 1814లో, క్యాంప్‌బెల్ 1816లో, బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాలు అచ్చు వేయించారు. ఈ పుస్తకాలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది: నేర్చుకునేవాడి మాతృభాష ఇంగ్లీషు అనే ఎరుక. ఇంగ్లీషువాడు ఎక్కడ తడబడతాడో ఊహించి రాశారు. తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు నేర్పిన పుస్తకాలకు మాత్రం ఆ ఎరుక లేదు.

నెస్‌ఫీల్డ్ ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలు 19వ శతాబ్దం చివర భారతదేశపు బడుల కోసమే వచ్చాయి. ఐదు రకాల నామవాచకాల లెక్క మనకు ముఖ్యంగా ఆయన దయే. 1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల పుస్తకం ఆ స్థానాన్ని ఆక్రమించింది. దాని సవరించిన కూర్పు మీద ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు ఉంటుంది. దేశమంతటా అమ్ముడుపోయిన ఈ రెండు పుస్తకాలూ తెలుగు, తమిళం, హిందీ పిల్లలందరికీ ఒకే పాఠం చెప్పాయి. వాటి అభ్యాసాల నాణ్యత కాదనలేనిది. పిల్లల మాతృభాషను పట్టించుకోని లోటు కూడా అంతే కాదనలేనిది.

నామవాచకం: జాబితా కూలే చోటు

ఐదు రకాల జాబితాను పట్టి చూస్తే అందులో మూడు కొలబద్దలు కలిసిపోయి కనిపిస్తాయి. ప్రాపర్, కామన్ అనేవి ఒక జత. పటమట ప్రాపర్, పేట కామన్. ఆబ్‌స్ట్రాక్ట్, మెటీరియల్ అనేవి వస్తువు స్వభావానికి సంబంధించినవి. కలెక్టివ్ ఇంకో దారి. అదీగాక కలెక్టివ్‌లో ‘టీమ్’ లాంటి సంస్థ, ‘హెర్డ్’ లాంటి మంద, ‘బంచ్’ లాంటి కొలమానం మూడూ ఇరికించారు. మన వరి పన, అరటి గెల, కొత్తిమీర కట్ట ఈ మూడో కోవలోకి వస్తాయి. వీటికి ‘టీమ్’తో వ్యాకరణపరమైన చుట్టరికం చాలా తక్కువ. ‘టీమ్’ తర్వాత ఏకవచన క్రియ రావాలా బహువచనమా అనే దాని మీద బ్రిటిష్, అమెరికన్ వాడుకలే వేరు. ‘బంచ్’ దగ్గర అసలు సమస్య అది కాదు.

ఆబ్‌స్ట్రాక్ట్ సంగతీ అంతే. ‘ఐడియా’, ‘అడ్వైస్’ రెండూ కంటికి కనబడనివే. కాని ‘టూ ఐడియాస్’ అనవచ్చు, ‘టూ అడ్వైసెస్’ అనకూడదు. రెండూ ఆబ్‌స్ట్రాక్ట్ అని గుర్తించినంత మాత్రాన విద్యార్థి రాసే వాక్యం బాగుపడదు.

అందుకే 20వ శతాబ్దపు వ్యాకర్తలు లెక్కించదగినవి, లెక్కకు రానివి అనే భేదాన్ని ముందుకు తెచ్చారు. యెస్పెర్సన్ 1924లో ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’లో దీన్ని విడమరిచి చర్చించాడు. ఇంగ్లీషు పరాయిభాషగా నేర్చుకునేవారికి ఈ భేదం ఎంత అవసరమో హార్న్‌బీ గ్రహించాడు. 1942లో జపాన్‌లో అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్ళీ వచ్చిన ఆయన నిఘంటువు ఆ తరహా నిఘంటువులకు దారి వేసింది. 1985 నాటి క్వర్క్ బృందపు బృహద్వ్యాకరణం, 2002 నాటి హడల్‌స్టన్, పులమ్‌ల కేంబ్రిడ్జి వ్యాకరణం ఇంకా ముందుకు వెళ్ళి, ఇది మాటకు కాక వాడుకకు చెందిన గుణమని చెప్పాయి. ‘కాఫీ’ లెక్కకు రాదు. హోటల్లో ‘టూ కాఫీస్’ అంటే వస్తుంది. మనమూ ‘రెండు టీలు’ అనే కదా చెబుతాం.

పాలు పొంగాయి, బియ్యం అయిపోయాయి

తెలుగు విద్యార్థికి అసలు అడ్డంకి ఇక్కడ ఉంది. ఇది పుస్తకాల్లో లేదు కనుక కాస్త నిలబడి చూడాలి.

లెక్కకు రాని పదార్థాలు ఇంగ్లీషులో ఏకవచనంలో నడుస్తాయి. తెలుగులో అలాంటి నియమం లేదు. పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి, వడ్లు ఆరాయి, బియ్యం అయిపోయాయి. ఇవన్నీ బహువచన క్రియలు. పక్కనే పెరుగు పులిసింది, మజ్జిగ విరిగింది, అన్నం ఉడికింది, పంచదార కరిగింది. ఇవన్నీ ఏకవచనం. పాలు తోడుకుంటే పెరుగవుతుంది, బియ్యం ఉడికితే అన్నమవుతుంది. పదార్థంతో పాటు వచనమూ మారిపోతుంది. తెలుగు వ్యాకరణం వీటిని నిత్య బహువచనాలు, నిత్య ఏకవచనాలు అని ఎప్పుడో గుర్తించింది. పచారీ కొట్లో కందులు, పెసలు, మినుములు బహువచనం, కందిపప్పు ఏకవచనం. ఇంటి భాషలో ఏ పదార్థం ఏ వచనమో పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు, వాడంతట వాడే పట్టుకున్నాడు.

డెల్టాలో చేలో ఉంటే వరి, కళ్ళంలో ఉంటే వడ్లు, బస్తాలో ఉంటే బియ్యం, కంచంలో ఉంటే అన్నం. ఇంగ్లీషు ‘ప్యాడీ’ని మాత్రం విడిగా చూసి, తక్కినదంతా ‘రైస్’ అనే ఏకవచనంలో సర్దేస్తుంది. నిత్య బహువచనంలో ఆలోచించే విద్యార్థి ‘ద రైస్ ఆర్ ఓవర్’ అంటే అది అజ్ఞానం కాదు. ‘బియ్యం అయిపోయాయి’ అనే నిర్దుష్టమైన తెలుగు వాక్యం ఇంగ్లీషులో నడిచే తీరు అది. ‘లగేజెస్’, ‘ఫర్నిచర్స్’ కూడా ఇలాంటివే. మన ‘సామాన్లు’ బహువచనం, దాని వెనక ‘లగేజెస్’ వస్తుంది. తలమీది వెంట్రుకలు లెక్కకొచ్చేవి, ‘జుట్టు’ ఏకవచనం. ఇంగ్లీషు ‘హెయిర్’ మాత్రం రెండు పనులూ చేస్తుంది.

దీన్నిబట్టి నా అంచనా ఇది: మెటీరియల్ నౌన్ అనే నిర్వచనం రాయించడానికి పెట్టే సమయాన్ని, పాలు, నీళ్ళు, బియ్యం, వడ్లు, సామాన్లు అనే ఐదారు మాటల జాబితా మీద పెడితే ఎనిమిదో తరగతి పిల్లలు రాసే వాక్యాలలో తేడా వస్తుంది. ఐదు రకాల సంప్రదాయాన్ని సమర్థించేవారు దీనికి ఒక జవాబు చెబుతారు. రకాల పేర్లు తెలియకపోతే తర్వాత ఆర్టికల్స్ పాఠం ఎలా చెబుతారని అడుగుతారు. ప్రశ్న సబబే. కాని ‘ఎ’, ‘యాన్’, ‘ది’ పాఠానికి కావలసింది ప్రాపర్, కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అనే మూడు పేర్లే. తక్కిన పేర్లు ఆ పాఠంలో పనికిరావు.

క్రియ: తెలుగు ముందే చెప్పే సంగతి

సకర్మక, అకర్మక భేదం నేర్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు చాలా శ్రమపడతాయి. ఎందుకంటే ఇంగ్లీషులో రూపం ఒకటే. ‘ద గ్లాస్ బ్రోక్’, ‘హీ బ్రోక్ ద గ్లాస్’. తెలుగులో ఆ భేదం మాటలోనే ఉంది. గ్లాసు పగిలింది, గ్లాసు పగలగొట్టాడు. బస్సు ఆగింది, బస్సు ఆపాడు. బిందె నిండింది, బిందె నింపింది. దీపం ఆరింది, దీపం ఆర్పింది. తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచాడు. మూడో తరగతి పిల్లవాడు కూడా వీటిని ఎప్పుడూ తారుమారు చేయడు. ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ పాఠానికి ఇంతకన్నా మంచి మొదలు ఇంకెక్కడ దొరుకుతుంది? అయినా పాఠం ‘ఏమిటి, ఎవరిని అని అడిగి జవాబు వస్తే ట్రాన్సిటివ్’ అనే కిటుకుతోనే మొదలవుతుంది.

లింకింగ్ క్రియ దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. ‘ఆయన డాక్టరు’, ‘ఇది మా ఇల్లు’ అనే వాక్యాల్లో క్రియే లేదు, అయినా వాక్యాలు సంపూర్ణం. చేకూరి రామారావు 1975 నాటి ‘తెలుగు వాక్యం’లోనూ, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌ల 1985 నాటి ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు’లోనూ ఇలాంటి క్రియ లేని వాక్యాలకు తగిన చోటుంది. ఈ అలవాటు వల్ల విద్యార్థి మొదట ‘హీ డాక్టర్’ అంటాడు. దిద్దితే ‘ఈజ్’, ‘యామ్’ ప్రతిచోటా పెట్టడం మొదలుపెడతాడు. ‘ఐ యామ్ అగ్రీ’ అలా పుట్టిందే. దిద్దుబాటు అతిగా పనిచేయడం అది.

స్టేటివ్ క్రియలదే అన్నిటికన్నా ఆసక్తికరమైన కథ. 1957లో జీనో వెండ్లర్ క్రియలను స్థితులు, వ్యాపారాలు, సిద్ధులు, క్షణంలో ముగిసే ఘటనలు అని నాలుగుగా పంచాక, ఈ భేదం వ్యాకరణ పుస్తకాల్లోకి విస్తారంగా వచ్చింది. స్థితిని తెలిపే క్రియకు ‘ఇంగ్’ చేర్చకూడదని సూత్రం. తెలుగుకూ స్థితి క్రియలున్నాయి: తెలుసు, కావాలి. వీటికి ‘-తున్నా’ చేరదు. కాని మన స్థితుల జాబితా, ఇంగ్లీషు జాబితా ఒకటి కావు. అర్థమవుతోంది, కనిపిస్తోంది, నచ్చుతోంది అని మనం హాయిగా అంటాం. అందుకే ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ మన నోటికి సహజంగా వస్తుంది. ‘మీరెక్కడ ఉంటున్నారు?’ అంటే ‘పటమటలో ఉంటున్నాను’ అంటాం, అక్కడ సొంత ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్ళయినా సరే. దాని ఇంగ్లీషు ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ పటమట’. ఇంగ్లండు మనిషి దాన్ని విని ఏ హోటల్లో దిగారని అడిగే అవకాశముంది. తాత్కాలిక బస, శాశ్వత నివాసం అనే భేదాన్ని తెలుగు ఈ రూపంతో చూపదు, ఇంగ్లీషు చూపుతుంది. ‘స్టేటివ్ వెర్బ్స్ టేక్ నో ఇంగ్’ అని ఇరవై మాటల పట్టిక బట్టీపెట్టించినా ఈ సంగతి బయటపడదు.

రెగ్యులర్, ఇర్రెగ్యులర్ విషయంలో తగవు లేదు. ‘గో, వెంట్, గాన్’ కంఠస్థం చేయాల్సిందే. హెల్పింగ్ క్రియల మీద మాత్రం పెద్ద వ్యాకర్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. క్వర్క్ బృందం వాటిని విడి వర్గంగా చూస్తుంది, హడల్‌స్టన్, పులమ్ వాటిని కూడా తమ తర్వాత మరో క్రియను తెచ్చుకునే క్రియలుగానే లెక్కిస్తారు. బడి స్థాయికి ఆ చర్చ అక్కర్లేదు.

నేర్పాలా, వద్దా

రకాల పేర్లు చెప్పకుండానే ఇంగ్లీషు వస్తుందా అనేది మరో పెద్ద వాదం. 1958లో హైదరాబాదులో ఏర్పడి, ఆ తర్వాత సీఫెల్‌గా, 2007 నుంచి ఇఫ్లూగా మారిన సంస్థ మొదటి దశలో వాక్య నిర్మాణాలను క్రమంగా అలవాటు చేయించే పద్ధతికి కేంద్రమైంది. ఎన్. ఎస్. ప్రభు ఆ పద్ధతిని కాదని 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో బెంగళూరు ప్రాజెక్టు నడిపాడు. పిల్లల మనసు పనిమీద ఉంటే వ్యాకరణం దానంతట అదే పట్టుబడుతుందన్నది ఆయన ప్రతిపాదన. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా సూత్రాల కంఠపాఠాన్ని వెనక్కి నెట్టి, భాషను విరివిగా వినిపించి చదివించాలంది.

ఈ రెండు పక్షాలనూ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. పేర్లు నేర్పాలనే వారు పరీక్షను దృష్టిలో పెట్టుకుంటారు, వద్దనే వారు మాటను. పరీక్షకు తప్పు పట్టడం రావాలి, మాటకు తప్పు లేకుండా నడవడం రావాలి. కాని ఇంటా బయటా ఇంగ్లీషు వినబడని పల్లెటూరి బడిలో ‘దానంతట అదే’ అనే వాదం నిలవదు. ఉయ్యూరు, గుడివాడ వైపు పిల్లలకు తరగతి గది తప్ప వేరే ఇంగ్లీషు దొరకదు. ఆ పిల్లలకు సూత్రం కావాలి. అయితే ఆ సూత్రం తెలుగుతో పోలికలోంచి రావాలి.

ఇంకా తేలనివి

‘ఐ యామ్ స్టేయింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ లాంటి వాక్యాలు తప్పులా, భారతీయ ఇంగ్లీషు లక్షణాలా? బ్రజ్ కచ్రూ లాంటి పండితులు భారతీయ ఇంగ్లీషును సొంత కాళ్ళ మీద నిలబడే భాషారూపంగా చూడాలన్నారు. పోటీ పరీక్షల ‘స్పాట్ ది ఎర్రర్’ ప్రశ్నలు మాత్రం ఆ మాట వినవు, పై వాక్యాలకు మార్కు కోస్తాయి. పండితుల మాటకూ పరీక్ష మాటకూ మధ్య ఉపాధ్యాయుడు ఏ గీతను పాటించాలో ఏ పాఠ్యప్రణాళికా స్పష్టంగా చెప్పదు.

రెండోది మాధ్యమం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులు ఇచ్చింది, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ వివాదమంతా ఏ భాషలో చదవాలన్న దాని చుట్టూ తిరిగింది. ఇంగ్లీషునే ఎలా నేర్పాలన్నది చర్చకు రాలేదు. గణితం, సైన్సు లాంటి పాఠాలకు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే పుస్తకాలు మాత్రం ఆ రోజుల్లోనే వచ్చాయి. రెండు భాషల్నీ పక్కపక్కన చూడటం అన్నిటికన్నా అవసరమైన ఇంగ్లీషు వ్యాకరణానికి ఆ ఎదుటి పేజీ రాలేదు.

మూడోది పదజాలం. కౌంటబుల్ అనాలా, గణనీయ నామం అనాలా? స్టేటివ్ అనాలా, స్థితి క్రియ అనాలా? తెలుగు మాధ్యమం పిల్లవాడికి సకర్మక, అకర్మక, సమాపక, అసమాపక అనే మాటలు తెలుగు పాఠంలో ముందే తెలుసు. ఇంగ్లీషు పీరియడ్‌లో అవే సంగతులు ట్రాన్సిటివ్, ఫైనైట్ అనే కొత్త పేర్లతో కొత్త పాఠాలుగా వస్తాయి. తెలుగు మాష్టారూ ఇంగ్లీషు మాష్టారూ స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఈ పేర్లను జతపరిస్తే, సంవత్సరానికి రెండు మూడు పాఠాలు కలిపి చెప్పుకునే వీలుంటుంది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కర్లేదు.